వచ్చిన రోజే మైకు ఇవ్వకండి

పల్లె పిల్లల్ని ఏడాదిపాటు విదేశీ చదువుకు పంపే ఆఫీసుల్లోని పెద్దలకు, వాళ్లను ఎంపిక చేసే ప్రిన్సిపాళ్లకు, టీచర్లకు,

నమస్కారం.

పోయిన వారం మా పక్క ఊరాయన ఒకరు మా ఇంటికి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మీరు పంపిన ఎంపిక లెటరు. ఆయన బిడ్డ ఆగస్టులో అమెరికా పోతోంది, వచ్చే జూన్‌లో తిరిగొస్తుంది. గంటసేపు కూర్చున్నారు. స్వెట్టర్లు ఎన్ని కొనాలి, మామిడికాయ తొక్కు తీసుకుపోనిస్తారా, ఎయిర్‌పోర్టులో ఏం అడుగుతారు, పిల్ల శాకాహారం అంటే అక్కడ ఏం పెడతారు. అడిగినవన్నీ పోవడం గురించే. రావడం గురించి ఒక్క మాట లేదు. ఆయనను తప్పు పట్టను. ఆ కవర్లో ఉన్న మీ పుస్తకాన్ని నేనూ తిరగేశాను. తిరిగి రావడం గురించి అందులో ఉన్నది ఒక్కటే లైను: రిటర్న్ టికెట్ ఖర్చు సంస్థే భరిస్తుందని.

నేను 2017 ఆగస్టులో అట్లాగే పోయి, 2018 జూన్‌లో వచ్చిన పిల్లను. మాది దేవరకద్ర దగ్గర ఒక ఊరు. నన్ను ఏ ఆఫీసు పంపింది, ఏ కాలేజీ పంపింది అన్నది ఇక్కడ రాయను. అప్పటివాళ్లు కొందరు బదిలీ అయ్యారు, కొందరు రిటైరయ్యారు. వాళ్ల మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. వాళ్లు నా పేరు రాసి పంపకపోతే నేను శంషాబాద్ దాటేదాన్నే కాదు.

పంపేటప్పుడు ఎంత శ్రద్ధ పెట్టారో నాకు ఇప్పటికీ గుర్తుంది. హైదరాబాద్‌లో మూడు రోజుల ట్రైనింగ్. చాకు, ఫోర్కు పట్టుకోవడం దగ్గర్నుంచి, బాత్రూంలో నేల తడపకుండా స్నానం చేయడం దాకా అన్నీ నేర్పారు. ఒక మేడమ్ గారైతే మంచు మీద ఎట్లా నడవాలో హాలు మధ్యలో నడిచి చూపించారు. కాళ్లు బారుగా వేయొద్దు, బాతు నడిచినట్టు నడవాలి. ఆమె ఎప్పుడూ మంచు చూసి ఉండరనుకుంటాను, కానీ ఆ నడక నన్ను జనవరిలో రెండు మూడుసార్లు కాపాడింది.

ఇక వచ్చిన రోజు సంగతి.

గురువారం రాత్రి దిగాను. శనివారం పొద్దున పదకొండింటికి కాలేజీలో సన్మానం. నేనున్న అయోవా రాష్ట్రానికీ మనకూ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా. అంటే నా ఒంటి గడియారంలో అది అర్ధరాత్రి దాటిన పన్నెండున్నర. గేటుకు కట్టిన ఫ్లెక్సీలో నా పక్కన స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ ఉంది. నేను న్యూయార్క్ చూడనే లేదు. నేనున్న ఊర్లో అన్నిటికంటే ఎత్తైనవి మక్కలు నిలవచేసే ఇనుప గాదెలు. శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన, పాపం మంచి మనసుతోనే, "అమెరికా ఎట్లుందమ్మా? ఇంగ్లిష్‌ల చెప్పు, మన పిల్లలు వినాలె" అన్నారు.

నా జీవితంలో ఇంత మంచి సంవత్సరం లేదని చెప్పాను. అక్కడ అందరూ నన్ను సొంత బిడ్డలా చూసుకున్నారని చెప్పాను. ఒక్క రోజు కూడా బాధపడలేదని చెప్పాను. చప్పట్లు మోగాయి. రెండో వరసలో మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మూడింటిలో మొదటిది సగం నిజం. మిగతా రెండూ అబద్ధాలు.

నవంబర్‌లో అక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. బస్సు దిగి ఇంటికి నడిచే ఆ పది నిమిషాలు నేను రోజూ ఏడ్చేదాన్ని. నెల రోజులు. జనవరిలో ఇల్లు మారాను. మొదటి ఇంటివాళ్లకు సొంత కష్టం ఏదో వచ్చిపడింది, నన్ను ఉంచుకోలేకపోయారు. ఎవరి తప్పూ కాదు. కానీ పదహారేళ్ల పిల్లకు అట్లా అనిపించదు కదా. బయట మైనస్ ఇరవై. రెండు సూట్‌కేసులు కారు డిక్కీలో పెట్టి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తీసుకుపోతుంటే, నన్ను వాపస్ చేసిన సామాన్ అనుకున్నాను. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. వీడియో కాల్ చేసినప్పుడు ఫోనును గోడ వైపు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని మాట్లాడేదాన్ని, గది మారిందని కనిపించకుండా.

వచ్చాక చెబుదామనే అనుకున్నాను. విమానంలో మాటలు కూడా పేర్చుకున్నాను, అమ్మ కంగారు పడకుండా ఎక్కడ మొదలుపెట్టాలి అని. కానీ మైకులో చెప్పినంక ఇంకెట్లా చెప్తాం? నాలుగు వందల మంది ముందు ఒక్క రోజు కూడా బాధపడలేదన్న పిల్ల, ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని నెలంతా ఏడ్చానని ఎట్లా చెప్తుంది? ఆ శనివారం తర్వాత ఇంకో మూడు సభలకు పిలిచారు, ఇంకో మండలంలో, ఇంకో హాస్టల్లో. ప్రతి చోటా అవే మూడు వాక్యాలు. మూడోసారికి నాకే నమ్మకం కుదిరింది. రాత్రిళ్లు మాత్రం నిద్ర పట్టేది కాదు.

ఇక్కడ మా అవ్వ సంగతి చెప్పాలి. మా నాయిన తల్లిని మేం అవ్వ అంటాం.

పాలమూరు లేబర్ అన్న మాట మీరు వినే ఉంటారు. ఆనకట్టలు ఎక్కడ కడితే అక్కడికి మా జిల్లా మనుషులు గుంపులు గుంపులుగా పోయారు. నాగార్జునసాగర్ రాతి కట్టడం. 1955లో పునాది రాయి వేస్తే 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్య ఏళ్లలో, పెళ్లయిన కొత్తలో, మా అవ్వ అక్కడ రెండు సీజన్లు తట్ట మోసింది. తర్వాత కొడుకు వంతు. మా నాయిన పుణెలో సెంట్రింగ్ పనికి ఆరేళ్లు పోయొచ్చాడు. పంట అయిపోగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పోవడం, ఉగాదికో, తొలకరికో రావడం. అంటే మా ఇంట్లో తిరిగి రావడం కొత్త కాదు. అరవై ఏళ్ల అనుభవం ఉంది. మీ పుస్తకంలో లేనిది మా అవ్వ దగ్గర ఉంది.

అవ్వకు ఒక కట్టుబాటు ఉండేది. వలస నుంచి ఎవరొచ్చినా మూడు రాత్రులు ఏమీ అడగొద్దు. అంబలి పోయాలి, నీళ్లు కాచి పోయాలి, పండుకోనియ్యాలి. పైసల లెక్క అస్సలు ఎత్తొద్దు. ఎందుకని ఒకసారి అడిగితే, "మొదటి దినం అడిగితే అబద్ధం చెప్తరు బిడ్డా. మనకోసమే చెప్తరు, మన మనసు నొయ్యొద్దని. కని ఒక్కపారి నోట్లకెల్లి వచ్చినంక ఆ మాట మీద నిలబడాలె గద. ఏడాదంత దాన్నే మొయ్యాలె" అన్నది.

ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. ఒక ఉగాదికి నాయిన పుణె నుంచి వచ్చి బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాడు. రచ్చకట్ట మీద ఎవరో, "ఎంత దెచ్చినవ్‌రా?" అన్నారట. ముప్పై వేలు అన్నాడు. మేస్త్రీ కటింగులన్నీ పోను జేబులో ఉన్నది పదకొండు వేలు. ఆ నెలలోనే మా చిన్నత్త పెళ్లి. ముప్పై వేలు తెచ్చిన అన్న పెట్టాల్సినంత పెట్టాడు, పంతొమ్మిది వేలు అప్పు చేసి. ఆ అప్పు తీరడానికి ఇంకో రెండుసార్లు పుణె పోయాడు. నాలుగక్షరాల మాటకు రెండేళ్ల చాకిరీ అని అవ్వ ఇప్పటికీ అంటుంది.

నా విషయంలో అవ్వ కట్టుబాటు ఎట్లాగూ తప్పింది. సన్మానం రెండో రోజే పడింది, ఆమె మాట కాలేజీ దాకా ఎక్కడ పోతుంది? అయినా తన వంతు తాను చేసింది. ఇంట్లో ఏమీ అడగలేదు. వారం తర్వాత ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి ఉంది, నా ముందు ఒక బొంత పరిచి సూది చేతికిచ్చింది. పాత చీరలు నాలుగు మడతలు వేసి కుట్టే బొంత. "ఆ కొసకెల్లి నువ్వు కుట్టుకరా" అన్నది.

అక్కడ నేనున్న రెండో ఇంట్లో డెబ్బై ఏళ్ల ఆవిడ ఒక్కతే ఉండేది. ఆమె నాకు క్విల్ట్ కుట్టడం నేర్పింది. అయోవాలో చలికాలమంతా ముసలమ్మలు చర్చి హాల్లో కూర్చుని కుట్టేవి అవే. గుడ్డ ముక్కలు, మడతలు, పైనుంచి కిందికి దిగే సూది. పేరు వేరు, పని మా బొంత పనే. నేను కుట్టిన ఒక జానెడు ముక్క పెట్టెలో ఉంటే తెచ్చి చూపించాను, దాని అంచుకు ఆమె వేసిన కుట్టు కూడా ఉంది. అవ్వ దాన్ని వెలుతురులోకి పట్టుకుని, బొటనవేలి గోరుతో కుట్టు వెంబడి తడుముతూ పోయింది. నా కుట్టు దగ్గర ఆగి, "ఇది నీది" అన్నది. ఆమె కుట్టు దగ్గరకొచ్చి, "ఈమెకు చెయ్యి తిరిగింది. ఒక్కతే ఉంటదా? ఒక్కతి ఉండేటోళ్లే ఇంత దగ్గర దగ్గర కుడతరు, తొందరుండదు" అన్నది.

అవునన్నాను. మొదటి ఇంట్లో ఎందుకు కుట్టలేదని అడగలేదు. మొదటి ఇల్లు అనేది ఒకటి ఉందని ఆమెకు తెలియనే తెలియదు. నేనే చెప్పాను. సూది ఆపకుండా, తల ఎత్తకుండా, జనవరి, సూట్‌కేసులు, గోడకు ఆనుకుని మాట్లాడడం, అన్నీ చెప్పాను. ఆమె ఊఁ కొడుతూ కుట్టింది. చివరికి ఒక్క మాట అన్నది. "గోడ దిక్కు మేము గూడ పెట్టినం గద."

అప్పటికి నాకు ఆ సంగతి సగమే అర్థమైంది. వచ్చిన రాత్రే కొట్టం ఖాళీగా ఉండడం చూశాను. బర్రె ఏదంటే మేతకు పోయిందన్నారు. రెండో రోజూ మేతకే పోయింది. నిజానికి ఫిబ్రవరిలో అమ్మేశారు, బోరు వేయడానికి. బోరు నాలుగు వందల యాభై ఫీట్లు దించితే దుమ్మే లేచింది. నాకు టెన్షన్ ఎందుకని చెప్పలేదు. నేను వెనక్కి తలచుకుంటే, ఫిబ్రవరి నుంచి ప్రతి వీడియో కాల్‌లో మా తమ్ముడు ఫోనును ఇంటి గోడ వైపే తిప్పి పట్టుకునేవాడు. కొట్టం వైపు ఎప్పుడూ తిప్పలేదు. రెండు పక్కలా గోడలు. మధ్యలో ఎనిమిది వేల మైళ్లకు పైగా దూరం, రోజూ నెట్ బ్యాలెన్స్ ఖర్చు.

ఇట్లా ఆ ఏడాది జరిగినవి నాకు ఒకటొకటిగా తెలిశాయి. పిల్లలమర్రి చూపిస్తానని తమ్ముడు బండి మీద తీసుకుపోతే గేటు మూసి ఉంది. డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడిందట, చెదలు పట్టిందట, చెట్టుకు సెలైన్ బాటిళ్లలో మందు ఎక్కిస్తున్నారట. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. చిన్నప్పుడు స్కూల్ ట్రిప్‌కు పోయినప్పుడల్లా ఆ ఊడలు పట్టుకుని ఊగినవాళ్లమే. ఇది దాచిపెట్టిన సంగతేం కాదు, పేపర్లన్నిటిలో వచ్చింది. అయినా ఎవరూ చెప్పాలనుకోలేదు. అమెరికాలో ఉన్న పిల్లకు మర్రిచెట్టు సంగతి ఎందుకు అనుకుంటారు. అయోవాలో ఎవరైనా మీ ఊర్లో ఏముందంటే నేను మొదట చెప్పేది ఆ చెట్టు గురించే.

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడితే, బండ్లు ఆగుతాయేమోనని చూస్తూ ఉండిపోయాను. తమ్ముడు అవతలి పక్కకు చేరి నవ్వుతున్నాడు. ఇట్లాంటి చిన్నవి ఎవరైనా చెప్తారు, వాటిని వదిలేస్తాను. నాలుగు రోజుల్లో అవే సర్దుకుంటాయి.

సర్దుకోనిది ప్రశ్నలు. ఊర్లో అందరూ అడిగింది రెండే. ఒకటి, ఎంత తెచ్చినవ్? చదువుకు పోయిన పిల్ల ఏం తెస్తుంది? రెండు, వాపస్ ఎందుకొచ్చినవ్? ఆ వీసా జే-1 అని, ప్రభుత్వ ఖర్చుతో పోయినవాళ్లు చదువు కాగానే సొంత దేశం వచ్చి రెండేళ్లు ఉండాలన్న షరతు ఉంటుందని ఎన్నిసార్లు చెప్పానో. షరతు లేకపోయినా వచ్చేదాన్నని చెబితే మాత్రం ఎవరూ నమ్మలేదు. ఏదో తప్పు చేస్తే పంపించేశారని మా వాడకట్టులో ఒక మాట నడిచింది కూడా.

సరైన ప్రశ్న అడిగింది మా నాయిన ఒక్కడే, అదీ నెల తర్వాత. ఆ ఎండాకాలం ఊరంతా రైతుబంధు చెక్కుల సంబరంలో ఉంది, ఎకరానికి నాలుగు వేలు. నాయిన కొత్త పాస్‌బుక్కు కవరు వెనక ఏదో లెక్క రాస్తూ, "నువ్వున్న కాడ మక్కలే పండిస్తరంటివి గద. ఎకరంకు ఎంత ఎల్తది?" అన్నాడు.

మైకులో ఎవరూ ఇది అడగలేదు. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ మక్క పండే రాష్ట్రం అయోవా. నేనున్న మొదటి ఇల్లు రైతులదే, తండ్రీ కొడుకులు కలిసి తొమ్మిది వందల ఎకరాలు చేస్తారు. ఎకరానికి రెండు వందల బుషెళ్లు. బుషెల్ అంటే ఇరవై ఐదు కిలోల పైచిలుకు. నాయిన కవరు మీద గుణించాడు. యాభై క్వింటాళ్లు దాటింది. పెన్ను పక్కన పెట్టి కాసేపు కవరు వైపే చూశాడు.

"రేటెంత?"

బుషెల్‌కు మూడు డాలర్ల చిల్లర. మళ్లీ గుణించాం. క్వింటాలుకు తొమ్మిది వందల లోపే వచ్చింది. ఆ ఏడాది మన మద్దతు ధర పద్నాలుగు వందల ఇరవై ఐదు. నాయిన లెక్క తప్పిందని కొట్టేసి మొదట్నుంచి మళ్లీ చేశాడు. అంతే వచ్చింది.

"మనకంటె తక్కువనా? మరెట్ల బతుకుతున్నరు?"

"ఎకరాలు ఎక్కువ గద నాయినా. కూలోళ్లు లేరు, అన్నీ మిషన్లే. బ్యాంకు అప్పు కూడ ఉంటది."

"అప్పెంత?"

"నేను అడగలే."

"ఐదు నెల్లు వాళ్లింట్ల అన్నం తిని, అప్పెంతుందని అడగకుంటివా?"

"అక్కడ అట్ల అడగొద్దు."

"ఎట్ల ఊకుంటరు అడగకుండ!" అని నాయిన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఆ సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. విత్తనం, ఎరువు, వాన, ఇన్సూరెన్స్. అక్కడ విత్తనపు మక్కకు జూలైలో మగ పూత పీకేయాలి, ఆ పనికి స్కూలు పిల్లలు పోతారని చెబితే, గద్వాల వైపు సీడు పత్తి క్రాసింగ్ పనికి పోయొచ్చిన మా పెద్దమ్మ బిడ్డ వెంటనే పట్టేసింది. "మేము చేసేది గదే గద అక్కా. వాళ్లకు కూలెంత?" అన్నది. అమెరికా నాకు ఆ రోజు మొదటిసారి మా వాకిట్లోకి వచ్చినట్టనిపించింది. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పక్కన నిలబెట్టిన ఫ్లెక్సీలో అది లేదు.

తర్వాత పీజీ చదివేటప్పుడు తెలిసింది, దీనికి పుస్తకాల్లో ఒక బొమ్మ ఉందని. పరాయి దేశంలో పడే తికమకను కల్చర్ షాక్ అని 1954లోనే కలెర్వో ఓబర్గ్ అనే ఆయన వివరించి చెప్పాడు. 1963లో గల్లాహార్న్ దంపతులు దాన్ని ఇంకాస్త పొడిగించారు. పోయిన చోట మొదట సంతోషం, తర్వాత దిగులు, తర్వాత సర్దుబాటు. ఇంటికి తిరిగొచ్చాక మళ్లీ అదే వరస. గీత గీస్తే ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా ఉంటుంది. నేను ఆ పేజీ ఫోటో తీసుకుని అవ్వకు చూపించాను. డబ్ల్యూలో రెండో గుంటను వేలితో చూపిస్తే, "ఈ రెండోది లోతెక్కువ ఉంటది, సరిగ్గ గియ్యలే" అన్నది.

ఇక చదువు సంగతి. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరిన రెండు నెలలకే పోయాను. అక్కడ పదకొండో తరగతి చదివాను. అమెరికా చరిత్ర, ఆల్జీబ్రా, బయాలజీ, స్పీచ్, అన్నిట్లో మంచి గ్రేడ్లే. స్కూలు వాళ్లు మార్కుల కాగితం కవర్లో పెట్టి, అంటించి, మూత మీద ముద్ర వేసి ఇచ్చారు. సీలు తీస్తే చెల్లదని కవరు మీదే రాసి ఉంది. దాన్ని నేను సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని, నలగకుండా, గోళ్లు తగలకుండా తెచ్చాను. ఇక్కడ ఒక ఆఫీసు కౌంటర్లో ఇస్తే, కూర్చున్నాయన మాట్లాడుతూ మాట్లాడుతూ బాల్‌పెన్ను మూతితో సర్రున చించి చూశాడు. "పక్క టేబుల్‌కు పోమ్మా" అన్నాడు. పక్క టేబుల్ ఆయన కవరు అటూ ఇటూ తిప్పి, "సీలు తీసి ఉంది, చెల్లదు" అన్నాడు. ఇద్దరి మధ్య దూరం రెండు గజాలు కూడా లేదు.

ఇంకో కవరు తెప్పించుకోవడానికి ఆరు వారాలు పట్టింది. అది వచ్చాక, అసలు సీలు ఉన్నా ఆ చదువు మన ఇంటర్‌కు సరిపోదని తేలింది. దీని కోసం మహబూబ్‌నగర్‌కు ఎన్నిసార్లు, హైదరాబాద్‌కు ఎన్నిసార్లు తిరిగామో నాయిన ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టాడు, బస్సు టికెట్లతో సహా. సెప్టెంబర్‌లో మళ్లీ మొదటి సంవత్సరంలో కూర్చున్నాను. నా ఫ్రెండ్స్ పై తరగతిలో, నేను వాళ్ల తమ్ముళ్లు చెల్లెళ్ల పక్కన. ఫ్లెక్సీ ఇంకా గేటుకే ఉంది, ఒక మూల తాడు తెగి వేలాడుతూ. దాని కింది నుంచే రోజూ క్లాసుకు పోయేదాన్ని.

ఏడాది పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు. పోతుందని ముందే చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే మా నాయిన పంపేవాడు కాదేమోనని ఎవరూ చెప్పలేదు. మళ్లీ అదే గోడ.

అయ్యా, అమ్మా, ఇప్పుడు మిమ్మల్ని అడిగేవి చెప్తాను. వీటికి బడ్జెట్ అక్కర్లేదు.

తిరిగొచ్చిన పిల్లకు నెల రోజులు మైకు ఇవ్వకండి. సన్మానం చేయొద్దని కాదు, చేయండి, మా అమ్మలాంటి వాళ్లకు ఆ శాలువా చాలా పెద్ద సంగతి. ఆగస్టు పదిహేనుకు చేయండి. అప్పుడు కూడా అమెరికా ఎట్లుందని అడగకండి. అక్కడ పొద్దున ఏం తిన్నావు, బస్సు ఎన్నింటికి వచ్చేది, ఎవరితో గొడవ పడ్డావు అని అడగండి. తెలుగులో అడగండి. మిగతా పిల్లలు వినాల్సింది వాటిలోనే ఉంది.

వచ్చిన వారంలోనే మీరు ఒక ఫారం నింపిస్తారు. కార్యక్రమం ఎట్లా ఉంది, ఇల్లు ఎట్లా ఉంది, ఐదుకు ఎన్ని మార్కులు అని. నేను అన్నిటికీ ఐదు వేశాను. మొదటి ఇంటికీ ఐదే. మీ ఫైళ్లలో ఇన్నేళ్లుగా పోగుపడినవన్నీ ఇట్లాంటి మొదటి వారం జవాబులే. వాటిని చూసి అంతా బ్రహ్మాండంగా ఉందని పై ఆఫీసుకు రిపోర్టు రాస్తున్నారు, మా నాయిన రచ్చకట్ట మీద ముప్పై వేలు అన్నట్టు. అదే ఫారం ఆరు నెలల తర్వాత ఇంకోసారి పంపి చూడండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే మీరు తెలుసుకోవాల్సింది తెలుస్తుంది.

పంపే ముందే ప్రిన్సిపాల్, తల్లిదండ్రులు, పిల్ల కూర్చుని, ఈ ఏడాది లెక్కలోకి వస్తుందా రాదా అన్నది కాగితం మీద రాసుకోవాలి. రాకపోతే రాదనే రాయండి. సంతకాలు పెట్టించండి. కాగితం చూసి ఆగిపోయే తల్లిదండ్రులు ఒకరిద్దరు ఉంటారు, నిజమే. ఆగే హక్కు వాళ్లకు ఉంది. మార్కుల కవర్లు రెండు తెచ్చుకోమని పిల్లలకు చెప్పండి, ఒకటి చించేవాళ్ల కోసం.

మే నెలలో, పిల్ల రావడానికి నెల ముందు, తల్లిదండ్రుల్ని ఒక పూట పిలవండి. మీరు పిల్లకు చెప్పకుండా దాచినవి ఏమున్నాయి అని అడగండి. చావులు, అమ్మకాలు, అప్పులు, గొడవలు. ఫోనులోనే చెప్పేయమనండి, అక్కడ ఇంకా నెల ఉండగానే. అక్కడి పిల్లకూ అదే చెప్పండి. గోడలు రెండు పక్కలా దిగితే తప్ప ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేరు. ఇంతకు ముందు పోయొచ్చిన మాలాంటి వాళ్ల ఫోన్ నంబర్లు ఆ రోజు వాళ్లకు ఇవ్వండి. మేం జిల్లాకు ఒకరిద్దరమైనా ఉన్నాం, మీ దగ్గర మా నంబర్లు ఉన్నాయి. ఫంక్షన్లకు పిలవడానికి వాడుతూనే ఉన్నారు కదా.

ఆ పక్క ఊరాయనకు స్వెట్టర్ల లెక్క చెప్పి, పచ్చడి సీసాకు మూత ఎట్లా బిగించాలో చూపించి పంపాను. పోయేటప్పుడు గడప దగ్గర ఆగి, "పిల్ల వచ్చే దినం నువ్వు గూడ శంషాబాద్‌కు రా బిడ్డా, నీకైతే ఎరుక గద" అన్నాడు. వస్తానన్నాను. ఎయిర్‌పోర్టు నుంచి జడ్చర్ల మీదుగా ఊరు చేరేసరికి రెండు గంటలైనా పడుతుంది. వెనక సీట్లో ఆ పిల్ల పక్కన కూర్చుంటాను. నిద్రపోతే పోనిస్తాను. అవ్వ ఈసారి అంబలి తానే కాచి సీసాలో పోసి ఇస్తానన్నది, వచ్చే జూన్‌కు తను ఉంటే.

ఆ వారంలో సభ ఏదైనా పెట్టుకుని ఉంటే దయచేసి ఇప్పుడే వాయిదా వేయండి.

ఇట్లు,
మీరు 2017లో పంపిన ఒక పాలమూరు పిల్ల